మిషను చెప్పిన పేరు

కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో నేను ఇరవై ఏళ్లకు పైగా పని చేస్తున్నాను. రోగుల రక్తంలో, మూత్రంలో, చీములో ఏ సూక్ష్మజీవి ఉందో కనిపెట్టి, దానికి ఏ మందు పని చేస్తుందో డాక్టర్లకు చెప్పడం నా పని. మా బాపు నస్పూర్‌లో బొగ్గుబాయి కార్మికుడు. ఇంటర్ కాగానే నన్ను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేర్పించాడు. మొదట ఆసిఫాబాద్‌లో మలేరియా స్లైడ్లు చూశాను. పెళ్లయ్యాక ఈ ల్యాబుకు వచ్చాను, ఇక్కడే ఉండిపోయాను.

నేను చేరిన కొత్తలో ఏ పనైనా చేతితోనే. రక్తం సీసాలను రోజూ వెలుతురుకు ఎత్తి పట్టుకుని మసక తేలిందా అని చూసేవాళ్లం. మసక తేలితే ఒక చుక్క తీసి ప్లేటు మీద గీసేవాళ్లం. మరునాటికి ప్లేటు మీద చుక్కలు చుక్కలుగా కాలనీలు మొలిచేవి. వాటి రంగు, ఆకారం చూసి, చక్కెర నీళ్ల గొట్టాల్లో కలిపి, మందు బిళ్ళలు అతికించి, రెండు మూడు రోజులకు ఒక పేరు రాసేవాళ్లం. అప్పటి మా సీనియర్ ఒకాయన నాకు ఇంకొకటి కూడా నేర్పించాడు. ప్లేటు మూత ఓరగా ఎత్తి వాసన చూడడం. ఒక జాతిది మగ్గిన ద్రాక్ష వాసన, ఒకదానిది ఎలుక వాసన, ఒకదానిది మురిగిన చేప వాసన. అట్లా చూడకూడదని పుస్తకాల్లో రాసి ఉందని మా ఇద్దరికీ తెలుసు. అయినా చూసేవాళ్లం. పదేళ్లకు నా ముక్కు మీద నాకు నమ్మకం కుదిరింది.

రెండేళ్ల కింద మా ల్యాబుకు రెండు మిషన్లు వచ్చాయి. ఒకటి రక్తం సీసాల మిషను. సీసా లోపల పెడితే ఏదైనా పెరగడం మొదలు కాగానే అదే కూత పెడుతుంది. రెండోది కార్డు మిషను. ప్లేటు మీది కాలనీని ఉప్పునీళ్లలో కలిపి, చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ కార్డుకు పట్టిస్తే, సాయంత్రానికో మరునాడు పొద్దునకో సూక్ష్మజీవి పేరు, పనిచేసే మందుల జాబితా తెర మీదికి వస్తాయి. ఆ పేరు మీద దానికి ఎంత నమ్మకం ఉందో కూడా పక్కనే రాస్తుంది.

ఆ మిషన్లు కొనేముందు జరిగిన మీటింగులో నేను అడ్డం మాట్లాడాను. కార్డు మిషనుకు తెలిసిన పేర్ల జాబితా మన నేలలోది కాదు, ఎక్కడో తయారైంది, కొన్నాళ్లయినా చేతి పద్ధతిని పక్కన ఉంచుకుందాం అన్నాను. మేనేజరు నవ్వి, "మేడం, మీ ముక్కుకు ప్రింటర్ లేదు గద" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వినట్టు ముఖం పెట్టాను. ఆ మాట చాలా రోజులు నన్ను గుచ్చింది.

మిషను వచ్చిన కొన్ని నెలలకు ఒక గర్భిణి మూత్రం కల్చర్‌లో నేను అనుకున్నది ఒకటి, మిషను చెప్పింది ఇంకొకటి. పట్టుబట్టి చేతితో మళ్లీ చేశాను. మిషను చెప్పిందే నిజం. ఆ తర్వాత నేను అడ్డం మాట్లాడడం మానేశాను. పని తేలికైంది, రిపోర్టులు ఒకరోజు ముందే పోతున్నాయి, బతికేవాళ్లు బతుకుతున్నారు. అబద్ధమెందుకు చెప్పాలి, నాకు కూడా మిషను నచ్చింది.

నాతో పాటు ఆ సెక్షన్‌లో ఇంకొక టెక్నీషియన్ ఉండేది. కరీంనగర్ పట్నంలోనే పుట్టి పెరిగిన ముస్లిం అమ్మాయి, నా కంటే పదిహేనేళ్లు చిన్నది. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. నన్ను అక్కా అనేది, నేను చెల్లె అనేదాన్ని. ఆమెకు రెండేళ్ల బిడ్డ. మా ఇద్దరి మీద మైక్రోబయాలజీ డాక్టరమ్మ ఉండేది. ఆమె వారానికి మూడు రోజులు వచ్చేది, మిగతా రోజుల్లో ఫోనులోనే రిపోర్టులు చూసేది. ముందు నేను చూసి ఒప్పుకుని బటన్ నొక్కాలి, తర్వాతే ఆమె సంతకం.

నాట్ల కాలం అది. వారం రోజులుగా ముసురు. మంథని అవతల గోదావరి పక్క ఊరి నుంచి ఒక రైతు మా ఆసుపత్రిలో చేరాడు. యాభైకి దగ్గరగా ఉంటాడు, షుగర్ ఉంది, మూడు వారాలుగా విడవని జ్వరం, దగ్గు. రెండు చేతుల నుంచి రెండు సీసాల రక్తం పంపించారు. సోమవారం పొద్దున ఒక సీసా కూసింది. రెండోది కూయలేదు. రెండింట్లో ఒకటే కూసిందంటే మేము సాధారణంగా అనుకునేది ఒకటే: రక్తం తీసేటప్పుడు చర్మం మీదిదో గాలిలోదో ఏదో కలిసింది.

చెల్లె ఆ సీసా నుంచి చుక్క తీసి ప్లేటు మీద గీసింది. బల్ల మీదే గీసింది. గాలిని లోపలికే లాక్కునే గాజు పెట్టె ఒకటి మా దగ్గర ఉంది కానీ, దాన్ని టీబీ తెమడ పరీక్షలకే వాడేవాళ్లం. మంగళవారం సన్నని కాలనీలు వచ్చాయి. వాటిని కార్డుకు పట్టించి మిషనులో పెట్టింది.

బుధవారం పొద్దున నేను కూర్చునేసరికి తెర మీద పేరు సిద్ధంగా ఉంది. నీళ్లలో, ఆసుపత్రి పైపుల్లో, సెలైన్ సీసాల్లో దొరికే ఒక సూక్ష్మజీవి పేరు. ఒంట్లో బాగా బలం లేనివాళ్లనే తప్ప మామూలుగా ఎవరినీ ఏమీ చేయదు. పేరు పక్కన 'ఎక్సలెంట్' అని ఉంది.

ప్లేటు నా చేతిలోనే ఉంది. పారేసే డబ్బాలో వేయబోతూ అలవాటు కొద్దీ మూత ఎత్తాను. పొడి నేల మీద మొదటి వాన పడ్డప్పుడు లేచే వాసన. మిషను చెప్పిన పేరుకు ఆ వాసన ఉండదు. మూత వేశాను. మళ్లీ ఎత్తాను. అదే వాసన.

అప్పుడే వార్డు నుంచి ఫోను వచ్చింది. జ్వరం కాస్త తగ్గింది, ఇంటికి పోతామని రోగి తొందరపెడుతున్నాడు, నాట్లు ఆగిపోయాయట, కల్చర్ సంగతి ఏమిటని డ్యూటీ డాక్టరు అడిగాడు. ఒక్క నిమిషం ఆగమన్నాను.

ఏం చెప్పాలి? వాసన వేరేగా ఉందని చెప్పాలా? మేనేజరు నవ్వు గుర్తుకు వచ్చింది. గర్భిణి మూత్రం గుర్తుకు వచ్చింది. రెండింట్లో ఒకటే సీసా అని కూడా నాకు నేను చెప్పుకున్నాను. బటన్ నొక్కాను. 'బయటి నుంచి కలిసినది కావచ్చు' అనే వాక్యం పేరు కింద చేరి రిపోర్టు వార్డుకు పోయింది. మధ్యాహ్నానికి ఆ రైతును ఇంటికి పంపించేశారు.

ప్లేటును మాత్రం పారేయలేకపోయాను. రెండు రోజులు ఉంచమని చెల్లెకు చెప్పి ఇంక్యుబేటర్ మూలకు పెట్టించాను. ఎందుకని ఆమె అడగలేదు.

శుక్రవారం పొద్దున దాన్ని బయటికి తీసి చూశాను. మూత తీయవలసిన పని లేకుండానే కనిపించింది. నునుపుగా ఉండవలసిన కాలనీలు ఎండిన ఉసిరికాయల్లా ముడతలు పడి ఉన్నాయి. నాలుగైదేళ్ల కింద హైదరాబాద్‌లో ఒక శిక్షణకు పోయినప్పుడు తెర మీద ఇట్లాంటి బొమ్మ చూపించారు. వరి పండే నేలలు, వానాకాలం, షుగర్ ఉన్నవాళ్లు, టీబీ అనుకుని మోసపోయే జ్వరం. మెలియోయిడోసిస్ అని చెప్పారు. మన దగ్గర ఎక్కడుంటుందిలే అనుకుని అప్పుడు నేను నోట్సు కూడా సరిగ్గా రాసుకోలేదు.

ఫోనుతో ఫొటో తీసి డాక్టరమ్మకు పంపించాను. నిమిషంలో ఆమె ఫోను. హలో కూడా అనలేదు. మూత తెరవొద్దు, టేపు వేసి పక్కన పెట్టండి అన్నది. దాన్ని ఎవరెవరు ముట్టుకున్నారని అడిగింది. మేమిద్దరమే అన్నాను. వాసన ఏమైనా చూశారా అని అడిగింది. నా గురించి ఆమెకు తెలుసు. రెండుసార్లు చూశానని చెప్పాను. 

"పేషెంట్ ఎక్కడున్నాడు?" అన్నది తర్వాత.

"ఇంటికి పోయిండు, మేడం. బుధవారమే పోయిండు."

ఆ పేషెంట్ ఫోను నంబరు రిజిస్టర్‌లో ఉంది. చేస్తే స్విచాఫ్. పది నిమిషాలకోసారి చేశాను. సాయంత్రం దాకా స్విచాఫే. మేనేజరు దగ్గరికి పోయి చెప్పాను. పదో రోజున చూపించుకోవడానికి ఎట్లాగూ వస్తాడు కదా, ఖాయంగా తెలియకుండా ఊరికే భయపెట్టడం ఎందుకన్నాడు. అది తప్పు మాట కూడా కాదు. అప్పటికి మా చేతిలో ఉన్నది ఒక ముడతల ప్లేటు, ఒక వాసన.

శనివారం పొద్దున ఆ సూక్ష్మజీవిని ఒక చిన్న గొట్టంలోకి ఎక్కించాం. ఈసారి గాజు పెట్టె లోపల, మాస్కులు, రెండు వరుసల గ్లౌజులు వేసుకుని. గొట్టాన్ని ఒక డబ్బాలో, దాన్ని ఇంకో డబ్బాలో, దాన్ని మూడో డబ్బాలో పెట్టి ఆసుపత్రి బండిలో హైదరాబాద్‌కు పంపించాం. అక్కడ పెద్ద ల్యాబులో ఇంకా కొత్త మిషను ఉంది. కాలనీని లేజరుతో కొట్టి, లేచిన ముక్కల బరువులు కొలిచి నిమిషాల్లో పేరు చెబుతుంది. ఆ పైన జన్యువుల పరీక్ష ఉంది. సాయంత్రం అయిదు గంటలకు డాక్టరమ్మ ఫోను చేసింది. లేజరు మిషను మెలియోయిడోసిస్ సూక్ష్మజీవి పేరే చెప్పిందన్నది. జన్యు పరీక్ష సోమవారం వస్తుంది కానీ, తనకైతే అనుమానం లేదన్నది.

మా కార్డు మిషను చెప్పిన పేరు పూర్తిగా వేరేదేమీ కాదు. ఈ రెండు సూక్ష్మజీవులకూ ఇంటిపేరు ఒకటే. మిషను ఇంటిపేరు సరిగ్గానే చెప్పింది, మనిషిని పొరబడింది. ఒకే ఇంటిపేరు గల ఇద్దరిలో ఒకడు ఊరికే తిరుగుతుంటాడు, రెండోవాడు ప్రాణం తీస్తాడు. సరైన మందు పడకపోతే ఈ జ్వరంలో మనిషి రోజుల్లో పోతాడని డాక్టరమ్మ చెప్పింది.

రేపు నేను ఆ ఊరికి పోతానన్నాను. ఆమె వద్దనలేదు. రోగి పేరు మీద ఒక ఉత్తరం రాసి, ఏ ఇంజెక్షన్ మొదలుపెట్టాలో అందులో రాసి నాకు పంపించింది.

ఆదివారం మొదటి బస్సుకు పెద్దపల్లి, అక్కడి నుంచి మంథని. దారి పొడుగునా నీళ్లు పెట్టి దున్ని కరిగెట్టు చేసిన మడులు, నీళ్లలో ట్రాక్టర్లు, మోకాళ్ల లోతు బురదలో వరుసగా వంగి నాట్లు వేస్తున్న ఆడవాళ్లు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. ఆరోజు మాత్రం నా కళ్లు వాళ్ల కాళ్ల మీదే ఉన్నాయి. పగుళ్లు, గీరుకుపోయిన చోట్లు. ఆ మట్టిలోనే అది ఉంటుంది, అక్కడి నుంచే ఒంట్లోకి దిగుతుంది. బస్సులో నా మెడ మీద చేయి పెట్టి వేడిగా ఉందేమో చూసుకున్నాను. చూసుకుని పది నిమిషాలు కాకుండానే మళ్లీ చూసుకున్నాను.

మంథని నుంచి ఆటోలో ఆ ఊరికి చేరేసరికి పదకొండు. ఊరి ఆశా కార్యకర్తను పట్టుకుని పేరు చెబితే, ఆమె తల పట్టుకుంది. నిన్నటి నుంచి మళ్లీ జ్వరమని, వణుకుతున్నాడని చెప్పి ఇంటికి తీసుకుపోయింది.

ఆయన లోపలి అర్రలో మంచం మీద ఉన్నాడు. రెండు దుప్పట్లు కప్పారు, అయినా దవడలు కొట్టుకుంటున్నాయి. కుడి తొడ మీద అరచేతంత గడ్డ లేచి ఉంది. ఊర్లో ఒకతను వచ్చి సూది వేసి పోయాడట. భార్య మంచం పక్కన కింద కూర్చుని ఉంది. నేనెవరో చెప్పాను, ఇప్పుడే కరీంనగర్ పోవాలని చెప్పాను. ఆమె లేవలేదు.

"మంచిగైందని మీరే పంపిండ్రు గద. ఇప్పుడు మీరే రమ్మనవడ్తిరి," అన్నది.

రక్త పరీక్ష తప్పు వచ్చిందని, మిషను పొరపాటు పడ్డదని చెప్పాను. బస్సులో మూడు గంటలు అదే వాక్యం పేర్చుకుని తెచ్చుకున్నాను. ఆమె నా ముఖంలోకే చూస్తూ విన్నది. తర్వాత మంచం కోడు పక్కన పెట్టిన సంచిలోంచి మా ఆసుపత్రి కాగితాలు తీసింది. ఆమెకు చదువు వచ్చు. రిపోర్టు కింది భాగం నాకు చూపించింది.

"మిషను సంతకం వెడ్తదా అక్కా? ఈడ మనిషి పేరుంది."

అక్కడ రెండు పేర్లు ఉన్నాయి. పై పేరు నాది.

ఆశా కార్యకర్త నా వైపు చూస్తూ ఉంది. దుప్పట్ల కింద ఆయన మూలుగు వినిపిస్తోంది.  ఇంకో మాట ఏదైనా చెప్పి తప్పించుకుందామా అని ఒక్క క్షణం వెతుక్కున్నాను కూడా.

"ఆ పేరు నాదే," అన్నాను. "నాకు అనుమానం వచ్చింది. వచ్చినా చెప్పలే. తప్పు నాది. ఇప్పుడు ఇది ఏం జబ్బో తెలిసింది, మందు సుత ఉన్నది. లేట్ జేస్తే నా తరం గాదు, ఎవ్వల తరం గాదు."

 తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననిపించింది. ఆమె కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. లేచి గూట్లోంచి రెండు చీరలు, ఆయన లుంగీ తీసి అదే సంచిలో కుక్కింది. ఆశా కార్యకర్త అంబులెన్సుకు ఫోను చేసింది. అది రావడానికి ముప్పావు గంట పట్టింది.  దారంతా భార్య ఆయన చేయి తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఐసీయూలో చేరిన గంటలోపే సరైన ఇంజెక్షన్ మొదలైంది. మరునాడు జన్యు పరీక్ష కూడా అదే జబ్బని తేల్చింది. అంతటితో గండం గడిచిందని అనుకున్నాను. గడవలేదు. మూడో రోజు జ్వరం అట్లాగే ఉంది. అయిదో రోజు నూట మూడు. వార్డు డాక్టర్లు మందు మారుద్దామన్నారు. మా డాక్టరమ్మ వద్దన్నది. ఈ జబ్బులో సరైన మందు పడ్డా జ్వరం వారం పది రోజులు దిగదని, తొడలో చీము తీసేసి ఆగాలని వాదించింది. ఆమె ఎంత గట్టిగా వాదిస్తే నాకు అంత భయం వేసింది. ఆమె మాట నా ప్లేటు మీద నిలబడి ఉంది. రోజూ పని అయ్యాక పోయి ఆయన చార్టు చూసేదాన్ని. ఐసీయూ బయట గోడకు ఆనుకుని భార్య కూర్చుని ఉండేది. నన్ను చూసి తల తిప్పుకునేది కాదు, పలకరించేదీ కాదు.

ఇక్కడ ల్యాబులో మా సంగతి వేరే. అది మా ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటే మూడు వారాల్లో ఎప్పుడైనా జ్వరం రావచ్చు. ముందు జాగ్రత్తగా ఇద్దరికీ పెద్ద పెద్ద మాత్రలు రాశారు, పొద్దునా సాయంత్రం మింగాలి. రెండు పూటలా టెంపరేచర్ చూసుకుని ఒక నోట్‌బుక్కులో రాయాలి. మనిషి నుంచి మనిషికి అది సాధారణంగా అంటదని డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పినా చెల్లె వినలేదు. బిడ్డను వాళ్ల అమ్మ దగ్గరికి పంపించేసింది. మా ఆయన రాత్రి అన్నం తినేటప్పుడు నా కంచం వైపు చూసేవాడు, తింటున్నానా లేదా అని.

మాత్రలు మొదలుపెట్టిన పదకొండో రోజు పొద్దున చెల్లె రాలేదు. ఫోను చేస్తే నూట రెండు ఉందన్నది.

ఆమెను మా ఆసుపత్రికే రమ్మన్నాను. చేతిలో నరం నేనే పట్టుకున్నాను.  రెండు చేతుల నుంచి రెండు సీసాల రక్తం తీశాను. సీసాల మీద పేరు రాస్తుంటే ఆమె మెల్లగా అన్నది:

"అక్కా, నీకొక ముచ్చట జెప్పలే. గా ప్లేటు వాసన నేను సుత చూసిన. మంగళారం నాడు."

నేను తల ఎత్తాను.

"నువ్వు చూస్తవు గద. నిన్ను చూసే నేర్చుకున్న," అన్నది.

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉన్నదున్నట్టు చెప్పింది.  నా సీనియర్ నాకు గర్వంగా నేర్పించాడు, నేను ఈమెకు నేర్పించాననే సంగతి కూడా నాకు తెలియదు. ఆమె అప్పటికే నోట్‌బుక్కు తీసి టెంపరేచర్ రాసుకుంటోంది.

సీసాలను మిషనులో పెట్టాను. అయిదు రోజులు కూయకపోతే ఏమీ లేనట్టు. అంతకుముందు ఆ మిషను కూస్తే సంబరంగా లేచి పోయేదాన్ని, పని దొరికిందని. ఇప్పుడు అది కూసినప్పుడల్లా చేతిలో పని వదిలేసేదాన్ని. లేచి పోయి ఏ గూడు వెలిగిందో చూసేదాన్ని. వేరే ఎవరిదో. వచ్చి కూర్చునేదాన్ని. పక్క కుర్చీ ఖాళీ. రెండో రోజు ఆమెకు డెంగీ పరీక్ష పాజిటివ్ వచ్చింది. ఊరంతా డెంగీ ఉన్న రోజులవి. ఆమె భర్త వచ్చి, "డెంగీయేనట మేడం, జర ఫికర్ తగ్గింది" అన్నాడు. డెంగీ వచ్చిందని ఒక మనిషి సంతోషపడడం నేను మొదటిసారి చూశాను. కానీ డెంగీ ఉన్నంత మాత్రాన అది లేదని కాదు. ఆయనకు ఆ మాట చెప్పలేదు. సీసాలు ఇంకా మూడు రోజులు లోపల ఉండాలి.

అయిదో రోజు మధ్యాహ్నం రెండు సీసాల పక్కనా తెర మీద 'నెగటివ్' అని పడింది. సీసాలు బయటికి తీసి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని, మిషను లేని రోజుల్లో చూసినట్టు మసక ఉందేమో చూశాను. లేదు. అయినా పోయి బాత్‌రూములో తలుపు పెట్టుకుని కాసేపు కూర్చున్నాను.

రైతుకు ఇంజెక్షన్ మొదలైన పదో రోజు నాడు జ్వరం నూటికి దిగింది. పన్నెండో రోజు లేచి కూర్చుని జొన్న జావ తాగాడు. ఇంజెక్షన్లు నెల దాకా సాగాయి, తర్వాత మూడు నెలలు మాత్రలు. బతికాడు.

చెల్లె కోలుకుని వచ్చింది కానీ మా సెక్షన్‌కు రాలేదు. బయోకెమిస్ట్రీకి మార్పించుకుంది, ఇప్పటికీ అక్కడే ఉంది. మధ్యాహ్నం మాత్రం ఇద్దరం కలిసే తింటాం. ఆమె టిఫిన్‌లోంచి ఖట్టీ దాల్ నా గిన్నెలోకి వస్తుంది, నా పచ్చిపులుసు ఆమె గిన్నెలోకి పోతుంది. ఆ రోజుల గురించి మాట్లాడుకోం.

ల్యాబులో కొన్ని మారాయి. ఆ ఇంటిపేరు తెర మీద కనిపిస్తే రిపోర్టు ఆపేస్తాం. ప్లేటుకు టేపు వేస్తాం, గాజు పెట్టెలోనే చేతి పరీక్షలు చేస్తాం, హైదరాబాద్‌కు పంపిస్తాం. బటన్ నొక్కే ముందు అనుమానం ఉంటే రాయడానికి ఒక ఖాళీ గడి పెట్టించింది డాక్టరమ్మ. మొదట్లో ఏమీ రాయడానికి చేయి ఆడేది కాదు. ఇప్పుడు రాస్తాను. చాలాసార్లు నా అనుమానం తప్పే అవుతుంది, మిషను చెప్పిందే నిలుస్తుంది. మేనేజరు నా ముక్కు మాట మళ్లీ ఎత్తలేదు. నేను ప్లేటు వాసన చూడడం మానేశాను. సిగరెట్టు మానేసినవాళ్ల చేతుల్లా, నా చేతికి మూత దగ్గర ఇంకా కొంచెం ఆగే అలవాటు పోలేదు.

ఒక ఆదివారం ఖాళీగా ఉండి పాత రిజిస్టర్లు దింపాను, మిషన్లు రాక ముందువి. వానాకాలం పేజీలు తిప్పాను. 'కంటామినెంట్', అంటే బయటి నుంచి కలిసినది, అని నా చేతిరాతతో ఉన్న వరుసలు. వాటి పక్కన ఊర్లు: ధర్మపురి పక్కది, మంథని పక్కది, జగిత్యాల అవతలిది. వాళ్లలో ఎవరికి ఏముందో, ఎవరు ఏమయ్యారో ఇప్పుడు ఏ మిషనూ చెప్పలేదు. ఆ ప్లేట్లు ఎప్పుడో ఆవిరిలో ఉడికి చెత్తలో కలిసిపోయాయి. అప్పుడు పొరబడ్డది మిషను కాదు, నా కళ్లు, నా ముక్కు. మూడో ఏడాది రిజిస్టర్ దాకా చూసి ఇక చూడలేక పైన పెట్టేశాను.

మాత్రల కోర్సు అయిపోయాక ఆ రైతు చివరిసారి చూపించుకోవడానికి వచ్చాడు. భార్య కూడా వచ్చింది. డాక్టరు దగ్గర పని అయ్యాక ఇద్దరూ ల్యాబు కిటికీ దగ్గరికి వచ్చి నన్ను పిలిపించారు. ఆయన బాగా చిక్కిపోయాడు కానీ కళ్లలో వెలుగు వచ్చింది. తన ఒంట్లో దొరికినదాన్ని ఒకసారి చూపించమని అడిగాడు. ఉంచుకోలేదు, కాల్చేశామని చెప్పాను. అప్పుడు అసలు మాట అడిగాడు.

"మేడం, అది మా మడిల ఉన్నట్టేనా?"

ఉండవచ్చని చెప్పాను. షుగర్ అదుపులో పెట్టుకుంటే భయం తక్కువని, కాళ్లకు పుండ్లు ఉన్నప్పుడు నీళ్లలో దిగొద్దని, దిగాల్సి వస్తే మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు వేసుకొమ్మని చెప్పాను. శిక్షణలో అట్లాగే చెప్పారు. ఆయన తల ఊపాడు.  పోతూ పోతూ భార్య వెనక్కి తిరిగి, బూట్లు ఎక్కడ దొరుకుతాయని అడిగింది. బస్టాండు దగ్గర దుకాణం గుర్తులు చెప్పాను. నా ఫోను నంబరు కూడా రాసుకుంది.

చలికాలంలో, యాసంగి నాట్లప్పుడు ఆమె ఫోను చేసింది. ఎత్తగానే జ్వరం వచ్చిందా అని అడిగాను. లేదన్నది. బూట్లు కొన్నారట, మొదటి రోజే ఆయన వేసుకుని మడిలో దిగాడట, పది అడుగులు కూడా పోలేదట.

"బూట్లు బురదల దిగవడ్డయి అక్కా. కాళ్లు బయటికి అచ్చినయి, బూట్లు ఆడనే ఉన్నయి. ఇద్దరం గుంజితె అచ్చినయి. వాటితోని నాటెయ్యరాదు," అన్నది.

మరి ఎట్లా అని అడిగాను. వట్టి కాళ్లతోనే దిగుతున్నాడని, షుగర్ గోళీలు మాత్రం తప్పకుండా వేస్తున్నానని, రోజూ సాయంత్రం సబ్బుతో కాళ్లు కడిగి, పగుళ్లు ఉన్నాయేమో తనే దగ్గర కూర్చుని చూస్తున్నానని చెప్పింది. ఏమైనా కనిపిస్తే ఫోను చేయమన్నాను. చేస్తానన్నది.